అచ్చు గట్టిపడేదాకా

ఊఁహూఁ, మాట్లాడకండి టీచర్! మాట్లాడితే పళ్ళసెట్టు అచ్చు చెడిపోతుంది, మళ్ళీ మొదట్నుంచీ తీయాలి. ఐదు నిమిషాలు. ముక్కుతో గాలి పీల్చండి. అదీ. ముద్ద గట్టిపడేదాకా ఈ ట్రే నేనే పట్టుకుంటాను.

ఏంటా చూపు? నా వేలు కొరకాలనుందా? కొరకండి. దేంతో కొరుకుతారు?

సరదాకి అన్నాలెండి.

నిజం చెప్పొద్దూ, మీరివాళ రారనుకున్నాను. మంగళవారం మున్సిపల్ కౌన్సిల్లో అంత జరిగాక, గురువారం వచ్చి నా కుర్చీలోనే కూర్చుంటారా? కానీ ఊరంతటికీ పళ్ళ డాక్టర్ని నేనొక్కణ్ణేనాయె. ఎక్కడికి పోతారు పాపం?

గుమ్మంలోనే అడిగారుగా, "ఎందుకు చేశావురా?" అని. ముద్ద మీ నోట్లో పెట్టేదాకా ఆగాను. మరి మీరు నోరు తెరిచాక ఇంకొకరి మాట సాగిందెప్పుడు? ముప్ఫై ఏళ్ళ హెడ్మిస్ట్రెస్!

చట్టం నేను చేశానా? రాజధానిలో కూర్చున్నవాళ్ళు చేశారు. "బడి ఖర్చులో సగమే మేమిస్తాం. మిగతా సగం ఇంటిపన్ను పెంచి మీరు తెచ్చుకోండి. తేలేదా, మా సగమూ రాదు. బడి మూసేసి పిల్లల్ని హైవే అవతలి బడికి పంపండి" అన్నారు. ఎంత తెలివో చూడండి! గొంతు పిసకాలన్న ఆలోచన వాళ్ళది, చేతులు మావి. రేపెవరైనా అడిగితే "మేం మూశామా? మీ ఊరివాళ్ళే చెయ్యెత్తారు" అంటారు.

అవును, ఎత్తాను. ఏడుగురం మెంబర్లం. ముగ్గురు పన్ను పెంచుదామన్నారు, ముగ్గురు వద్దన్నారు. మిగిలింది నేను.

కదలకండి!

ఒక సంగతి చెప్పనా? ఆ పొద్దున నేను పెంచుదామనే బయల్దేరాను. ఒట్టు! మా ఆవిడకి చెప్పాను కూడా. "మూడంతస్తుల ఇల్లు మనది, అందరికంటే మనకే ఎక్కువ పడుతుంది, పడనీ" అన్నాను. ఆవిడ మూతి ముడుచుకుంది. ముడుచుకోనీ అన్నాను.

మరి మీరేం చేశారు?

మాట్లాడతానని లేచారు. పిల్లల గురించి మాట్లాడొచ్చుగా? రెండొందల పదకొండు మంది! పోనీ ఆ కురుస్తున్న గదుల గురించి చెప్పొచ్చుగా? అబ్బే. "ఈ బడి ఏం చేస్తుందో తెలియాలంటే మావాణ్ణి చూడండి" అని నావైపు చెయ్యి చాపారు.

మావాడట! నాకు నలభై ఎనిమిదేళ్ళు, టీచర్.

"బడికొచ్చిన కొత్తలో వీడు వాళ్ళక్క గౌను వేసుకొచ్చేవాడు. లాగూ ఏదీ పాపం! తల్నిండా పేలు. నేనే గుండు చేయించాను, నేనే లాగూ కుట్టించాను..."

హాలంతా నవ్వింది. చెడ్డ నవ్వేం కాదు, ముద్దు నవ్వు. అదే నాకు ఒళ్ళు మండేది. చైర్మన్ అయితే కళ్ళు తుడుచుకుని మరీ నవ్వాడు.

ముందు వరసలో మా మామగారున్నారు. పెళ్ళి మాటలప్పుడు ఆయనకేం చెప్పానో తెలుసా? మా నాన్నకి బట్టల కొట్టుండేదని చెప్పాను. బట్టల కొట్టు! ఆయన నవ్వలేదు. మెల్లిగా నా వైపు తిరిగి, చెప్పుల దగ్గర్నుంచి కాలర్ దాకా చూశారు. అంతే.

ఇదేమన్నా మొదటిసారా? మీ రిటైర్మెంటు సభలో చెప్పారు. క్లినిక్ తెరిచిన రోజు రిబ్బన్ కత్తిరిస్తూ చెప్పారు. నేను కౌన్సిల్‌కి గెలిస్తే దండ వేస్తూ చెప్పారు. ప్రతిసారీ దణ్ణం పెట్టి నవ్వాను. మంగళవారం కూడా నవ్వాను. నవ్వుతూనే, "పెంచడానికి వీల్లేదనేవాళ్ళు?" అనగానే చెయ్యెత్తాను.

మీరింకా నవ్వుతూనే ఉన్నారు. ఏ ప్రశ్నకి ఎత్తానో అర్థంకాక!

ఎంత హాయిగా ఉందనుకున్నారు? నలభై ఏళ్ళ దురద తీరినట్టుంది. పళ్ళ డాక్టరు ఊరికి పన్ను పీకేశాడని బజార్లో జోకులేస్తున్నారట. వేసుకోనీ.

ఇందాక ఈ ముద్ద కలిపి, ఆ గిన్నె ఠపీమని పెట్టేసి వెళ్ళింది చూశారా, మా నర్సు? దాని కూతురు మీ బడిలో నాలుగో క్లాసు. హైవే దాటించి పంపలేను, ఇంట్లో కూర్చోబెడతానంటోంది. రెండ్రోజులుగా నాతో మాటల్లేవు. జీతం మాత్రం తీసుకుంటుంది.

ఏడుస్తున్నారా? ఏడవండి. కన్నీళ్ళతో అచ్చుకేం కాదు. ముక్కు మూసుకుపోకుండా చూసుకోండి, అంతే.

ఆ పిల్లల్లో ఇంకో గౌనువాడు ఉన్నాడేమోరా అనేగా మీ బాధ? ఉండే ఉంటాడు టీచర్. రెండొందల పదకొండు మందిలో ఒక్కడైనా లేకుండా ఎలా ఉంటాడు? వాడికి ఇక ఎవరూ లాగూ కుట్టించరు, పేలు తీయించరు. వాడు నా అంతవాడూ కాడు. నాకు తెలీకనా? తెలిసే ఎత్తాను. కానీ వాడి గౌను సంగతి పెద్దయ్యాక పదిమందిలో చెప్పేవాళ్ళు కూడా ఉండరు. ఆ ఒక్క మేలూ చేశాననుకోండి.

రాత్రి నిద్ర పట్టిందా అంటారా? పట్టలేదు. అయితే?

ఆఁ, గట్టిపడింది. నోరు పెద్దగా తెరవండి. ఇంకా... ఇదిగో! అబ్బ, ఎంత చక్కగా వచ్చిందో అచ్చు! పై బుధవారానికి పళ్ళు తయారు. పుక్కిలించండి.

ఛఛ, పర్సు లోపల పెట్టండి. మీ దగ్గర డబ్బులా? వద్దు టీచర్, తీసుకోను. "నోట్లో ఒక్క పన్ను లేదు పాపం ఆవిడకి, నేనే కట్టించాను" అని ఇకమీదట ప్రతి సభలోనూ మీ పక్కన నిలబడి చెప్తాను. మీరూ దణ్ణం పెట్టి నవ్వుదురుగాని.