గుండీల డబ్బా

హలో… ఆఁ, నేనే బావా. నీ ఇంటికి ఇంకెవరున్నారు కావలి?… వినపడుతోందా? ఊరూరా టవర్లు నిలబెట్టేవాడివి, నీకే సిగ్నల్ లేకపోతే మా గతేంటి?

అక్కా? బ్రహ్మాండంగా ఉంది. లోపల కుట్టుకుంటోంది, మిషన్ చప్పుడు వినపడట్లేదూ?… మాత్రలా! నన్నా అడుగుతున్నావు? నువ్వెళ్లి పదకొండు రోజులు. పదకొండూ నా కళ్లముందే మింగింది. గడియారమే నన్ను చూసి టైం సరిచేసుకుంటోంది. నేనుండగా ఈ ఇంట్లో దోమ కూడా డాక్టర్ చీటీ లేకుండా కుట్టదు—

ఏంటీ?… నిన్నటి రక్తపరీక్షా? క్లినిక్ వాళ్లు నీకు ఫోన్ చేశారా?… ఎంత ఉందట?

అసలు లేదా?

రోజూ మాత్రేస్తుంటే రక్తంలో దాని లిథియం అసలు లేకపోవడమేంటి బావా? ఎవరి రక్తమో ఎవరిదో కలిపేసి ఉంటారు… ఆ… సరే, రెండుసార్లు చూశారంటే అక్కదేలే.

మింగిందన్నాను, అంటే… మాత్ర నేనే ఇచ్చా. నీళ్లు నేనే ఇచ్చా. తర్వాత… ఫోన్ చూసుకుంటున్నా. గొంతు దిగిందా లేదా అని టార్చి వేసి చూస్తామా!

అరవకు. అరవకు బావా, వింటుంది.

నిద్రా… తక్కువే. నాల్రోజులుగా అసలు లేదనుకుంటా. ఆర్డర్లు ఎక్కువన్నది… కాలర్లు కుడుతోంది… చొక్కాలు కాదు, కాలర్లే. ఓ అరవై ఉంటాయి. ‘మెడలొచ్చేశాయి, మనుషులు వెనక బండిలో వస్తున్నారా’ అని ఏడిపించా కూడా. నాకేం తెలుసు?

పోయినసారీ ఇలాగే మొదలైందా?

మేడ పిట్టగోడ మీద నుంచి దూకిందా?… నాకెవరు చెప్పారు? నేను హాస్టల్లో ఉన్నా. జారిపడింది, కాలు విరిగింది అన్నారంతే. బైపోలార్ అంటే నాల్రోజులు హుషారు, నాల్రోజులు దిగులు, అంతే అనుకున్నా…

బావా. పొద్దున మేడ తాళం అడిగింది.

ఇవ్వలేదు, ఇవ్వలేదు. జేబులో… ఉంది. ఉంది, పట్టుకున్నా. చెయ్యి తియ్యను.

గుండీల డబ్బాలోనా? పోయినసారి మాత్రలు అందులోనే దాచిందా?… ఉండు. డబ్బా హాల్లోనే ఉంది… మిషన్ ఆడుతూనే ఉందిలే, రాదు… తీశా. అన్నీ తెల్ల గుండీలే… ఇది నాలుగు బెజ్జాలది… ఇదీ అంతే… ఇది…

దీనికి బెజ్జాల్లేవు బావా.

ఏరుతున్నా, ఉండు… తొమ్మిది… పది…

పదకొండు.

అవును, నువ్వెళ్లిన రోజు నుంచే… ఆ రోజా? ఆ రోజేం జరుగుతుంది? నిన్ను బస్సెక్కించాం, వచ్చాం, భోంచేశాం… ఒట్టు, ఏం లేదు!

…

ఓ చిన్న జోకేశా.

ఒళ్లు ముసలిదవడం గురించి ఎక్కడో చూశా. మన కణాల్లో దారాల్లాంటివి ఉంటాయట, వాటి కొసలు అరిగేకొద్దీ వయసు మీద పడుతుందట. అందులోనే బైపోలార్ అనీ, మందులనీ ఏదో రాశారు… అంతా ఎక్కడ చదివాను? హెడ్డింగ్ చూశా. ‘ఈ మాత్రలేస్తే లోపల అంచులన్నీ పోగులూడిపోతాయట అక్కా, తిరిగి కుట్టే దర్జీ లేడట’ అన్నా. నవ్వకుండా అన్నా. నవ్వితే జోకు పండదు కదా.

ఫోటో కూడా… తన ఫోటోని ఫోన్లో ముసలిదాన్ని చేసి, ‘పదేళ్లకి నువ్వు’ అని చూపించా. తొంభై ఏళ్ల మొహం బావా అది, నవ్వేస్తుందనుకున్నా. చాలాసేపు చూసింది. తర్వాత తన చేతులు చూసుకుంది.

తిట్టు. ఇంకా తిట్టు.

…నువ్వూ ఓసారి ఇదే అడిగావా? డాక్టరేమన్నారు? తిరగబడిందా కథ?… కొసల్ని అరగదీసేది జబ్బేనేమో అన్నారా? లిథియం వాటిని కాస్త కాపాడుతుందేమో కూడానా?… ‘ఏమో’ ఏంటి బావా, ఖాయంగా చెప్పమను!… ఇంకా పరీక్షలు చేస్తూనే ఉన్నారా. ఊఁ.

అంత చదివినాయన ‘ఏమో’ అంటున్నాడు. నేను బల్లగుద్ది చెప్పా.

పోనీ ఈ పదకొండూ ఇప్పుడు వేసేయనా?… వద్దు, వద్దు! ఒక్కటి కూడా ఇవ్వను. ఆయన చూసి చెప్పేదాకా ముట్టుకోను… ఇప్పుడే క్లినిక్‌కి తీసుకెళ్తా. కానీ నాతో వస్తుందా? పుట్టాక మొదటిసారి నిజం చెప్పబోతున్నా, జోకనుకుంటుంది. నువ్వే చెప్పకూడదూ?… నేనే చెప్పాలా.

బావా…

మిషన్ ఆగింది.

తాళం నా దగ్గరే ఉంది. అక్కా!… అక్కా?

…గుమ్మంలో ఉంది బావా. మెళ్లో టేపు, చేతిలో కాలరు. చూస్తోంది.

ఏం లేదక్కా, చొక్కా గుండీ ఊడితే వెతుక్కుంటున్నా…

…

లేదు. చొక్కాకి గుండీలన్నీ ఉన్నాయి. ఒక్కటీ ఊడలేదు.

అక్కా, ఆ ముసలి ఫోటో నేను చేసిందే. పోగులూడతాయన్నదీ నేనే అల్లా. ఎవరూ రాయలేదు, ఏ డాక్టరూ అనలేదు… నవ్వట్లేదు, నిజం… అవును, అప్పుడూ నవ్వలేదు. తెలుసు. కానీ ఇవి చూడు, నీ మాత్రలు పదకొండూ. వీటి మీద కూడా జోకేస్తానా?

…బావే. లైన్లో ఉన్నాడు… పక్కన పెట్టనా?

బావా, ఫోన్ బల్ల మీద పెడుతున్నా. కట్ చెయ్యకు. ఒక్క ముక్క దాటేసినా నా మీద గట్టిగా అరువు.

కూర్చో అక్కా. మొదటి నుంచీ చెప్తా.