తట్టి వదిలేసిన వాల్వ్

నా పేరు, ఇంటి నంబరు పైన రాసుకున్నారు. వయసు యాభై మూడు. ఇళ్ళల్లో ఏసీలు బాగుచేస్తాను. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఇదే పని. పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ, అందరూ టకటక మేస్త్రీ అంటారు. ఎందుకంటారో కూడా చెప్పాలి, జరిగినదానికి అదే మూలం.

శుక్రవారం ఉదయం పది గంటలకు స్టేషన్‌లో ఇన్‌స్పెక్టర్ గారు నన్ను ఒక ప్రశ్న అడిగారు. "ఏసీ స్విచ్ ఆపమని ఆయమ్మకి మీరు చెప్పారా?" అని. "లేదండీ" అన్నాను. అది అబద్ధం. ఆ ఒక్క మాట మీద ఆమెను అరెస్టు చేశారు. ఇవాళ మంగళవారం. ఎవరూ పిలవకుండా నేనే కోర్టుకు వచ్చాను. ఎవరైనా బెదిరించారా అని మేజిస్ట్రేట్ గారు అడిగారు. పట్టని నిద్ర తప్ప ఎవరూ బెదిరించలేదన్నాను. సూటిగా చెప్పమన్నారు. ఎవరూ బెదిరించలేదు.

ఆయమ్మ పనిచేసే ఇంట్లో టీచరమ్మ ఉంటారు. బడిలో భూగోళం చెప్పేవారు. మూడేళ్ళ కిందట మెట్ల మీద నుంచి పడి వెన్నెముక దెబ్బతింది. మెడ కింద కదలిక లేదు, చెమట కూడా పట్టదు. చెమట పట్టని ఒంటికి వేడి విషంతో సమానమని డాక్టరు చెప్పారట. గది ఇరవై ఆరు డిగ్రీలు దాటకూడదు. గోడ మీది థర్మామీటరుకు ఇరవై ఆరు దగ్గర ఎర్రదారం కట్టి ఉంటుంది. అది ఆయమ్మ కట్టింది. పగలూ రాత్రీ టీచరమ్మను చూసుకునేది ఆమే. టీచరమ్మ తమ్ముడుగారు పై అంతస్తులో ఉంటారు.

నేను మొదటిసారి వెళ్ళింది ఈ నెల మూడో తారీఖు, ఉదయం పదకొండు గంటలకు. మంచానికి ఎదురుగా గోడకు ఎత్తున ఏసీ పెట్టె ఉంది. మూత తీశాను. అందులో ఎక్స్‌పాన్షన్ వాల్వ్ అని బొటనవేలంత ఇత్తడి ముక్క ఉంటుంది. చల్లబరిచే గ్యాస్ ఎంత వెళ్ళాలో అంత వదిలే గుమ్మం అనుకోండి. లోపల ఒక సూది పైకీ కిందికీ ఆడుతుంది. చెత్త చేరితే ఆ సూది పట్టేస్తుంది. గుమ్మం మూసుకుపోతే గది చల్లబడదు, వాల్వ్ దగ్గర మాత్రం మంచు గడ్డ కడుతుంది. నేను స్క్రూడ్రైవర్ పిడితో వాల్వ్‌ను రెండు దెబ్బలు తట్టాను. టక, టక. సూది వదిలింది. పైపులో గ్యాస్ నడిచిన చప్పుడు వినపడింది. ఊరంతా నాది మంచి హస్తవాసి అంటారు. వాళ్ళు అంటారు, నేను నమ్ముతాను.

కానీ తట్టడం వైద్యం కాదు. అది పడుకున్నవాణ్ణి భుజం తట్టి లేపడం. వాడు మళ్ళీ పడుకుంటాడు. గ్యాస్ అంతా తీసి, వాల్వ్ మార్చి, పైపుల్లో గాలి లాగేసి మళ్ళీ గ్యాస్ నింపాలి. పూట పని. ఆ పూట టీచరమ్మను పై అంతస్తుకు మార్చితే సరిపోయేది. తమ్ముడుగారు ఒప్పుకునేవారే.

మూత పెట్టబోతుంటే టీచరమ్మ అన్నారు. "మేస్త్రీ గారూ, అప్పుడే మూసెయ్యకండి. కాసేపు చూడనివ్వండి."

"ఏముందమ్మా చూడ్డానికి, మంచేగా."

"మీకు మంచు. నాకు కొండలు. ఆ వంపు దగ్గర చూడండి, నది దిగుతోంది. అక్కడో ఊరుంటే బాగుంటుంది."

"ఊరెందుకమ్మా, కుళాయి కూడా లేదు."

"మీరు వేస్తారుగా."

ఆయమ్మ నవ్వింది. "అక్కా, ఆ ఊళ్ళో కూడా నన్నే వండమంటావా ఏంటి?" అంది. ముగ్గురం నవ్వాం. మంచు కరుగుతూ ఉంది. టీచరమ్మ ఒక్కో చుక్కకూ ఒక్కో పేరు పెడుతూ, ఇది ఏ సముద్రంలో కలుస్తుందో చెబుతున్నారు. కిటికీ తెర కదులుతోంది. నేను నిచ్చెన పై మెట్టు మీద కూర్చున్నాను. పెట్టెలో వాల్వ్ నుంచి వచ్చే సన్నటి తీగకు చివర రాగి గొట్టం ఒకటి ఉంటుంది, దాన్ని గుప్పిట్లో పట్టుకుంటే చేతి వెచ్చదనానికి వాల్వ్ ఇంకా తెరుచుకుంటుంది. వాల్వ్ ఆడుతోందో లేదో చూడ్డానికి అలా పట్టుకుంటాం. ఐదు నిమిషాలు చాలు. నేను నలభై నిమిషాలు పట్టుకున్నాను. ఇంకా ఎక్కడో చాలా ఎత్తున కూర్చున్నట్టు అనిపించింది. నాకు ఎవరూ అలా ఏదీ చెప్పలేదు. ఇంట్లో ఉండేది నేనూ రేడియోనే.

మర్నాడు, నాలుగో తారీఖున, కొత్త వాల్వ్ కొన్నాను. సంచిలో వేసుకున్నాను.

తొమ్మిదో తారీఖున మళ్ళీ పట్టేసిందని ఆయమ్మ ఫోను చేసింది. వెళ్ళి తట్టాను. ఆ రోజు మంచు ఎడారిలా ఉందన్నారు టీచరమ్మ. పదిహేడున మళ్ళీ. ఆ రోజు దీవులు. సంచిలో కొత్త వాల్వ్ ఉంది. ఆ రెండుసార్లూ సంచి నా కాళ్ళ దగ్గరే ఉంది.

పదిహేడున బయల్దేరుతూ గుమ్మంలో ఆయమ్మతో ఈ మాటలన్నాను, ఉన్నదున్నట్టు చెబుతున్నాను. "మళ్ళీ గడ్డ కడితే స్విచ్ ఆపెయ్యమ్మా. మంచు కరిగాక సూది దానంతటదే వదలొచ్చు. అరగంట ఆగి వెయ్యి. అప్పటికీ కాకపోతే మళ్ళీ ఆపి నాకు ఫోను కొట్టు. పది నిమిషాల్లో ఉంటా."

"గది వేడెక్కదా అన్నా?"

"అరగంటకేం కాదు. నేనున్నాగా."

ఇక గురువారం. నేను రెండు వీధుల అవతల ఇంకో ఇంట్లో ఉన్నాను. పన్నెండు నలభైకి అక్కడి పని అయింది. ఏసీ ఆగకుండా నడుస్తుందో లేదో అరగంట చూసి వెళ్దామని కుర్చీలో కూర్చున్నాను. చల్లగాలి మొహానికి కొట్టింది. నిద్రపోయాను.

కలొచ్చింది. మేజిస్ట్రేట్ గారు కల అవసరమా అన్నారు. అవసరమేనండి. నేను మంచుకొండ మీద నిచ్చెన మోసుకుంటూ నడుస్తున్నాను. కింద టీచరమ్మ చెప్పిన ఊరు కనబడుతోంది, కుళాయిలు కూడా ఉన్నాయి. ఎక్కడా తొందర లేదు. కొండ లోపల నుంచి ఎవరో తడుతున్నారు. టక, టక. నా పని ఇంకెవరో చేస్తున్నారులే అనుకున్నాను. హాయిగా నడిచాను. ఆగింది, మళ్ళీ తట్టారు. మూడుసార్లు. అది సంచిలో నా ఫోను. మోత ఆపేసి ఉంది, వణుకుతూ స్పానర్‌కు తగులుతోంది. ఒకటీ నలభై ఎనిమిది, ఒకటీ యాభై ఆరు, రెండూ పది. ఫోను చూపించాను, సమయాలు రాసుకున్నారు. నాకు మెలకువ వచ్చింది రెండూ ముప్పై ఐదుకి.

ఆయమ్మ చేసింది ఇది. ఒకటీ పదికి గడ్డ చూసి స్విచ్ ఆపింది. ఒకటీ నలభైకి వేసింది. చల్లబడలేదు. నాకు ఫోను చేసింది, మళ్ళీ చేసింది. రెండింటికి మళ్ళీ ఆపి తడి తువ్వాళ్ళు కప్పడం మొదలుపెట్టింది. రెండూ పదికి మళ్ళీ నాకు చేసింది. రెండూ పదిహేనుకి అంబులెన్సుకు ఫోను చేసింది కూడా ఆమే. రెండూ ఇరవైకి తమ్ముడుగారు కిందికి దిగారు. ఆయనకు కనిపించినవి రెండే: ఆపి ఉన్న స్విచ్, స్పృహ లేని అక్క. ఆయన్ని తప్పుపట్టను. కళ్ళకు కనిపించింది చెప్పారు.

నేను రెండూ యాభైకి వెళ్ళాను. అంబులెన్సు వెళ్ళిపోయింది. నేల మీద తడి తువ్వాళ్ళు ఏడు. థర్మామీటరులో ముప్పై నాలుగు, ఎర్రదారం ఎక్కడో కింద ఉంది. తమ్ముడుగారు ఊగిపోతున్నారు. "కావాలనే ఆపింది! నా కళ్ళతో చూశా!" అంటున్నారు. ఆయమ్మ నా వైపు తిరిగింది.

"అన్నా, నువ్వు చెప్పావుగా. చెప్పన్నా."

నేను చెప్పలేదు. నాకు భయమేసింది. మర్నాడు స్టేషన్‌లో "లేదండీ" అన్నాను. అప్పుడూ భయమే. ఇరవై తొమ్మిదేళ్ళ పేరు పోతుందని.

శనివారం ఇన్‌స్పెక్టర్ గారి ముందు ఆ వాల్వ్ విప్పాను. సూదికి నల్లటి జిగురు, ఆవగింజంత. సంచిలోంచి కొత్తది తీసి బిగించాను. గది చల్లబడింది. మంచం ఖాళీగా ఉంది, పైపు మీద మంచు లేదు, రాగి మెరుస్తోంది. కొండలు లేవు, నది లేదు. "కొత్తది ఎప్పట్నుంచి ఉంది మీ దగ్గర?" అని ఇన్‌స్పెక్టర్ గారు అడిగారు. వినపడనట్టు మూత బిగించాను. ఇప్పుడు జవాబు చెబుతున్నాను. నాలుగో తారీఖు నుంచి.

టీచరమ్మ ఆస్పత్రిలో ఇంకా కళ్ళు తెరవలేదు. తెరిస్తే మొదట వెతికేది ఆయమ్మనే. ఆమె ఇవాళ కోర్టు బయట బెంచీ మీద ఉంది, పక్కన కానిస్టేబులు. ఆమెను వదిలిపెట్టమని వేడుకుంటున్నాను. స్విచ్ మీద వేలు ఆమెది, మాట నాది.

ఇదంతా నాకు చదివి వినిపించారు. ఒకచోట "వాల్వ్ మార్చడం మరిచిపోయాను" అని రాసి ఉంది. అది కొట్టేయమన్నాను. నేను మరిచిపోలేదు. మారిస్తే మళ్ళీ పిలవరని మార్చలేదు. ఆ గదిలో ఇంకొక్కసారి కూర్చోవాలనిపించింది. అలాగే దిద్దారు. దిద్దిన చోట పక్కన చిన్న సంతకం పెట్టాను.

మిగిలిందంతా నేను చెప్పినట్టే ఉంది. ఇది నిజం, శుక్రవారం చెప్పింది నిజం కాదు.

సంతకం
(టకటక మేస్త్రీ)
మంగళవారం, ఉదయం పదకొండూ ఇరవై