రంగునీళ్ళ మీద అర్జీ

తిరుత్తణి దగ్గర నేతవీధి. రంగుల కంపెనీ వదిలే నీళ్ళు వీధి బావిలో కలుస్తున్నాయని, అందరి సంతకాలతో అర్జీ పట్టుకుని కోకిల తిరువళ్ళూరు కలెక్టరాఫీసుకు వెళ్ళింది. మొహం మాడ్చుకుని తిరిగొచ్చింది. తిన్నె మీద ఆమె మేనమామ చెంగల్రాయుడు కూర్చుని ఉన్నాడు.

“అంటే, తీసుకోనే లేదా?”

“చేత్తో కూడా ముట్టుకోలేదు మామా. మీ వీధంతా ఆ కంపెనీ ఉండాల్నని ముందే సంతకాలు పెట్టి ఇచ్చినారే, మళ్ళీ ఇదేందమ్మా అన్నాడు గుమాస్తా. పక్కనోళ్ళు నవ్వినారు.”

“ఎండలో వచ్చినావు. మజ్జిగ తాగు.”

“ఆ బావి నీళ్ళు పోసి చిలికిందేనా? వద్దు.”

“సరే, సంతకాలు మళ్ళీ పెట్టించు. నేను చెప్పినట్టు చెయ్యి. గట్టి అట్ట ఒకటి తీసుకో, దానికి పెన్ను దారంతో కట్టేయి. లేకుంటే నాలుగిళ్ళు దాటేలోపల పెన్ను మాయమవతాది. కరెంటు పోయినప్పుడు పో. మరమగ్గాలు నిలిచిపోయి అందురూ బయటే కూర్చోనుంటారు.”

“అట్లే పోయినా.”

“ముందు పెద్దోళ్ళ దగ్గర పెట్టించు. పైన పెద్దపేరు చూస్తే కిందోళ్ళు అడక్కుండా పెడతారు. డోర్ నెంబరు, ఫోన్ నెంబరు పక్కనే రాయించు. అన్నిటికన్నా ముఖ్యం, ప్రతి కాగితం పైన విషయం రాయి. వట్టి కాగితంలో పెట్టించినావంటే దాన్ని దేనికైనా అతికిస్తారు.”

“ఎవురు అతికిస్తారు?”

“లోకం. లోకం మంచిది కాదు కదా.”

“నాకు వీధిని చూస్తేనే రోతగా ఉండాది మామా. నా కాగితంలోనూ పెడతారు, కంపెనీ కాగితంలోనూ పెడతారు. అడిగితే కర్పూరం ఆర్పి సత్యం చేస్తాము, పెట్టలేదంటారు. బిడ్డలకు ఒళ్ళంతా దద్దుర్లు. వీళ్ళకు సిగ్గు లేదా?”

“మడుసులంతే. వదిలేయి.”

“వళ్ళియమ్మత్త ఒక్కతే వేరేగా చెప్పింది.”

“ఆ ముసలిదానికి మతి లేదు.”

“ఈ మధ్య నా అర్జీ కాక తాను ఒకే ఒక తూరి సంతకం పెట్టిందంట. నీ మనవరాలు జననికి చెవులు కుట్టిన పొద్దు, తాంబూలం సంచికి.”

“మజ్జిగ వద్దంటే సోడా తెప్పిస్తా.”

“ఆ కాగితాలు యాడ మామా?”

“ఏ కాగితాలు?”

“ఒకొకరు రెండేసి సంచులు ఎత్తుకోని పోతారు, సంతకం తీసుకోని ఇమ్మన్నావే, ఆ కాగితాలు. వాటి పైన ఏమీ రాసి లేదు.”

“యాడనో ఉంటాయి. అటక మీద...”

“మామా.”

“...మా హేమనాథ్‌కు ఆ కంపెనీలో పని పర్మనెంటు చేస్తామన్నారు. కన్నకొడుకు. నేనేం చేసేది?”

“ఛీ. జనని తాగేది కూడా ఆ బావి నీళ్ళే. నిన్ను మామా అని పిలిచిన నోరు కడుక్కోవాల. ఇప్పుడే వీధిలో నిలబడి చెప్తా, ఈ పని చేసింది ఎవురో.”

“చెప్పు, నేనేం అడ్డం రాను. కంపెనీ అర్జీ కింద ‘సంతకాలు సేకరించినవారు’ అని నీ పేరే రాసి ఇచ్చినా. అబద్ధం కాదు కదా. ఆ పొద్దు గుమ్మంలో కూర్చోని, సంతకం పెట్టందే సంచి ఇయ్యనని, ఒక్కర్నీ విడవకుండా పెట్టించింది నీవే కదమ్మా.”