మైకులో చెప్పిన మాట

ధర్మవరం కల్యాణమండపంలో చేతిపనుల ప్రదర్శన జరుగుతోంది. ఏప్రాన్, మిక్సీ కవరు, వేడి గిన్నెలు దించే గుడ్డ, అన్నీ ఒకే పూలగుడ్డతో జతగా కుట్టి అమ్ముతోంది ఒక యువతి. ఒకప్పుడు ఆమెకు పని ఇచ్చిన హిందూపురం షాపు యజమానురాలు వచ్చి ఎదుట నిలబడింది.

“బాగా కుట్టినావు. బేరం బాగుండాదా?”

“ఉండాది. ఏం కావాలక్కా?”

“నువ్వే కావాల. బెంగళూరు హోటలోళ్లు పెద్ద ఆర్డరిచ్చినారు. నీ మాదిరి జత కలిపి కుట్టేవాళ్లు నాకు యాడా దొరకలేదు. మళ్లీ పనికి రామ్మా.”

“గుడ్డ దొంగలించినానని నన్ను తరిమింది నువ్వే కదక్కా?”

“ఆ గుడ్డ బీరువా ఎనకాల దొరికింది. పొరపాటైపాయ.”

“ఎప్పుడు దొరికింది?”

“ఆ వారమే.”

“మరి ఎవరికీ చెప్పలేదే? పెనుకొండలో మా వీధోళ్లు ఇంకా మా అమ్మను దొంగదాని తల్లి అంటాండారు.”

“ఇప్పుడేం చెయ్యమంటావు?”

“ఆడ మైకుండాది. పోయి చెప్పు. మా ఊరోళ్లు చానామంది వచ్చుండారు.”

“ఇంతమందిలోనా?”

“నన్ను తిట్టింది గూడా నడిబజార్లోనే కదా.”

యజమానురాలు చెంగు భుజం మీదికి లాక్కుని మైకు దగ్గరికి వెళ్లింది. జరిగినదంతా చెప్పింది. జనం మాటలాపి ఆమెనే చూశారు. చెంగుతో మొహం తుడుచుకుంటూ తిరిగి వచ్చింది.

“చెప్పినా. ఇంగ రేపట్నుంచి వస్తావు కదా?”

“వస్తానని నేనెప్పుడన్నానక్కా? రోంత పక్కకు జరుగు. కొనేవాళ్లు నిలబడుకోనుండారు.”