మరదలు కట్టిన చక్రం

సూరత్‌లోని ఉధ్నాలో ఒక అద్దె గది ముందు పాత సైకిలును బోర్లించి, మరమగ్గాల మిస్త్రీ మార్కండేయ తన మరదలు విజయశ్రీ కట్టిన వెనక చక్రాన్ని పరీక్షిస్తున్నాడు.

“ఇంకోసారి తిప్పు.”

“ఆరుసార్లు తిప్పిన బావా. సీదానే ఉన్నది.”

“సీదా ఉన్నదో లేదో నేను చెప్త. సుద్దముక్క పక్కన పెట్టి తిప్పు. జర మెల్లగ.”

“ఇగో. ఎక్కడన్న తాకిందా?”

“తాకలే.”

“అయితే సైకిల్ నాది. చక్రం నీ చేతులతోని కడితే నీకు, లేకుంటే ఆదివారం పాత ఇనుము కొనే భంగార్‌వాలాకు అన్నవ్. రేపటి సంది చీరెలకు రాళ్లంటించే కార్ఖానాకు దీని మీదనే పోత. నడిచి నడిచి చెప్పులు అరిగినయ్.”

“ఆగు, ఏందా తొందర. స్పోకు పుల్లలు నేత లెక్క ఎక్కియ్యమంటి గద. ఒకటి మీదికి, ఒకటి కిందికి. గట్ల లేదేంది?”

“గట్లెక్కిస్తే అన్ని వంగినయ్. మగ్గం మీద నడుస్తదేమో, చక్రంల నడువది. రెండు పుల్లల మీదికెల్లి పోయి, మూడోదాని కిందికి దూరాలె.”

“ఎవలు చెప్పిన్రు?”

“ఫోన్ల చూసిన.”

“నీ ఫోన్ పగిలి నెలాయె.”

“అంతకుముందు చూసిన.”

“పెండ్లైన ఏడాది, నేను తొక్కే నా సైకిల్ చక్రం నేనే కట్టుకున్న. అప్పుడు ఏ ఫోనున్నది? మనోళ్లల్ల ఇంకెవలన్న కట్టిన్రా? ఇప్పటిదాంక ఒక్క పుల్ల వదులు గాలే.”

“రోజు చెప్తవ్ గద బావా. జరుగు, టైరెక్కిస్త.”

“ఉండు, ఉండు. ఇదేంది, పుల్లలు కలిసిన కాడ?”

“దారం. కదలకుండ ముడేసిన.”

“నువ్వేసినవా?”

“నేనే.”

“మెలిక ఎడమకు తిరిగింది. ఇది మీ అక్క ముడి.”

“అక్క నేర్పింది. చేతులు నావి.”

“నేర్పితే రాదది. ఆమెది ఎడమచెయ్యి వాటం. ఇరువయ్యేండ్ల సంది పక్కన కూసున్నా నాకే రాలే.”

“దారం తే, నీ ముంగటనే వేసి చూపిస్త.”

“ఏం వద్దు. దొరికినవ్ పిల్లా. చక్రం మీ అక్క కట్టింది. సైకిల్ తూకానికే.”

“ముడి అక్కదైతే చక్రం కూడ అక్కదేనా?”

“అంతే గద మరి. సూరత్ మొత్తం తిరుగు, ఆ ముడి ఇంకెవలకు రాదు.”

“మగ్గం మీద ఒట్టా?”

“మగ్గం మీద ఒట్టు.”

“మరి నీ సైకిల్ చక్రానికి గదే ముడి తొమ్మిది చోట్ల ఉన్నదేంది బావా?”