దేవుడి గది నాకే గావాల

హలో… ఆ, నేనే వదినా, శ్రావణిని… మీ తమ్ముడు డ్యూటీకెళ్ళినాడు. సెప్పు.

…నిజమే. నీకెవరో సరిగ్గానే సెప్పినారు. దేవుడి గది ఖాళీ సేసినాం.

…దేవుళ్ళా? హాల్లో, టీవీ పైన అరమీదున్నారు. ఏ లోటూ నేదు. సాయంత్రం దీపం పెడతన్నాం. ఆ తరవాత మాతోపాటు సీరియల్ కూడా సూస్తన్నారు…

…ఎకసెక్కం కాదు. నువ్వడిగినావు, నేను సెప్పినాను.

…దిష్టి కాదు వదినా. నువ్వు పలాసలో కూకొని దిష్టి అంటన్నావు. ఇక్కడ రక్తం తీసినారు, ఒంటేలు పరీక్ష సేసినారు. స్కాన్‌లో సూస్తే రెండు కిడ్నీలూ ముడుచుకుపోయున్నాయి. బీపీ అన్నారు. ఎన్నాళ్ళబట్టో లోపల్లోపలే తినేసిందంట.

…ఆస్పత్రిలో డయాలసిస్ మిషనూ సెప్పినారు. వారానికి మూడు దినాలు అక్కడ పడుకోవాల. మరి నా కుట్టు మిషను ఎవరు తొక్కుతారు? రెండోది ఇంటికాడే సేసుకునేది. పొట్టలో సిన్న గొట్టం పెట్టినారు. లోపలున్న పాత నీళ్ళు దింపేసి, సంచీలో మందునీళ్ళు ఎక్కించుకోవాల. ఒంట్లో సెడంతా ఆ నీళ్ళతోనే పోతాది. రోజూ నాలుగుసార్లు.

…ఆ, ఆ గదిలోనే.

…మరెక్కడ సెయ్యమంటావు? రైల్వే క్వార్టరు, గదులెన్నున్నాయి? వంటింట్లో పోపు పొగ. హాల్లో గుడ్డపేలికల దుమ్ము. పడగ్గది కిటికీ తీస్తే నిమ్‌పురా రైలు యార్డు మసి. నర్స్ దీదీ వచ్చి ఇల్లంతా తిరిగి సూసినాది. తలుపు మూసుండాల, ఫ్యాను ఆపుండాల, సెప్పులతో ఎవరూ రాకూడదు, సేతులు కడగకుండా ఏదీ ముట్టకూడదు. గొట్టంలోకి ఒక్క క్రిమి ఎళ్ళినా పొట్టలో సీము పడతాది. ప్రాణమే పోవచ్చు. మనింట్లో అలగున్న గది ఏది? నువ్వే సెప్పు.

…అంటూ మైలా నాకూ తెలుసు. ఒంట్లో నీళ్ళు దేవుడి గదిలో దింపడమేటని కదా. అవి దిగితేనే నేనుంటాను.

…ఆ మూడ్రోజులా? ఆ మూడ్రోజులూ సేస్తాను. ఒక్క పూట కూడా మానను.

…తెగించినాననే అనుకో. నాకు బతకాలనున్నాది వదినా. ముప్పై నాలుగేళ్ళకే పటమైపోయి ఆ దేవుళ్ళ పక్కన ఏలాడ్డం నాకిష్టం నేదు.

…అమ్మోరి పండక్కి ఒక్కరోజు ఖాళీ సెయ్యాలా… సెయ్యను. వస్తే హాల్లో దండం పెట్టుకో. రాకపోతే మానెయ్యి.

…మీ అమ్మతో సెప్పిస్తావా? సెప్పించు… ఉండు, ముందు నా మాటిను. ఈ గది నేను లాక్కున్నాననుకుంటన్నావు కదా. నేను అడగనే నేదు. అడిగే దమ్ము నాకెక్కడిది? దీదీ మాట విన్నాక అత్తే తలకి పోసుకొనొచ్చి, ఒక్కో పటమూ ఒళ్ళో పెట్టుకొని తుడిసి బయటికి తెచ్చినాది. ఎవర్నీ సెయ్యెయ్యనివ్వనేదు. ‘అమ్మోరికి ఏ గోడైనా సాలు, దీనికి ఈ గదే గావాల’ అన్నాది.

…ఏడిసినాది. ఏడుస్తూనే తెచ్చినాది.

…నమ్మకపోతే నీ ఇష్టం.

…ఇప్పుడు కుదర్దు, నా నీళ్ళ ఏళైంది. మీ అమ్మ ఆ గది గుమ్మంలో పీటేసుకొని కూకున్నాది, లోపలికెవరూ రాకుండా. నువ్వొచ్చినా అంతే…

వస్తన్నానత్తా… ఆ, మోసేతులదాకా కడుక్కుంటాను… ఎవరా? నీ కూతురే…

ఫోను బయటే పెట్టి రమ్మంటన్నాది వదినా. పెట్టేస్తన్నాను.