కవరు తియ్యని కబోర్డులు

ఏందే చిన్నీ, మళ్ళా చెప్పు? కొత్త కబోర్డులు చేపిచ్చి, వాటిని గీకి పాతవాటి మాదిరి చేపిస్తావా? అరవద్దు, నీ అవ్వ చెవులు ఇంగా బాగానే ఉండాయి. ఆ ఫోను ఇట్ల తే. థూ! ఇది వంటిల్లా? వానలో నానిన కోళ్ళగూడు మాదిరి ఉండాది. వింటేజా? ఆ మాట నాకు నేర్పొద్దు. నాలుగో క్లాసుతో బడి మానిపిచ్చినా, బెల్లం కట్టిన పొట్లం కాయితం గూడా చదవకుండా పారేసినదాన్ని కాదు నేను. ఆ మాట మొదటిసారి విన్న దినం నాకు గుండె ఆగినంత పనయింది. కూచో. మా నంజమ్మక్క సంగతి విను, ఆమీద నీ ఇష్టం, గీకుకో.

నంజమ్మక్క అంటే మీ తాతకు వదినె, నాకు తోడికోడలు. నువ్వు చెడ్డీ లేకుండా తిరిగే కాలంలోనే పొయ్యింది, నీకేం గురుతుంటాది. కాడుగోడిలో అప్పుడు మాది ఒకే పెంకుటిల్లు. ఆ వంటింట్లో పొగ చూడల్ల! గోడలు నలుపు, దూలాలు నలుపు, రాగిముద్ద కెలికి కెలికి అక్క మొకం గూడా నలుపు. నేను మూల కూచోని పత్రిక చదువుతాంటే, 'ఏమే పండితురాలా, ఆ పుస్తకంలో పొగ పొయ్యే దావ ఏమన్నా రాసినారా?' అనేది. నాకన్నా పెద్ద నోరు. అట్లాంటి మనిషికి ముసలితనంలో కొత్తిల్లు వచ్చె. ఆ ఇంట్లో వంటింటికి ఫ్యాక్టరీలో చేసిన కబోర్డులు తెప్పిచ్చినాడు కొడుకు రామాంజి. తలుపు తలుపుకూ పైన ప్లాస్టిక్ కవరు అంటిచ్చి వస్తాది చూడు, గీతలు పడకుండా? బిగిచ్చినాయన దాన్ని పీకబోతే అక్క చెయ్యి పట్టుకునింది. 'ఉండనీప్పా, గృహప్రవేశం అయినాక తీస్తా' అని. అది అయిపాయ. 'కోడలు రానీ, ఆ పిల్ల చేత తీపిస్తా' అనె. కోడలు వచ్చె. 'మనవడో మనవరాలో పుట్టనీ, పేరు పెట్టే దినం తీస్తా' అనె. కవరు పసుప్పచ్చగా అయిపాయ, నూనె తాగె, మూలలు లేచె, అయినా తియ్యలేదు. దినామూ తడిగుడ్డతో ఆ కవరునే తుడిచేది. 'అడుగున కొత్తది కొత్తట్లే ఉండాది లేవే' అని నాకు చెప్పి మురిసిపొయ్యేది.

కోడలు వరూధిని విజయవాడ పిల్ల, కుందలహళ్ళిలో కంప్యూటరు ఉద్యోగం. చెడ్డది కాదప్పా, ఉన్నమాట చెప్పల్ల. 'అత్తయ్యగారూ, పిన్నిగారూ' అని నోరు తీపి. ఆ పిల్ల కడుపుతో ఉన్నప్పుడే అక్కకు విషజ్వరం వచ్చి ఆస్పత్రిలో పడింది. ఒళ్ళు తెలీకుండా కొన్నాళ్ళు, తెలిసినాక గూడా ఏదేదో మాట్లాడేది. ఎప్పుడో పొయిన మా అత్త బతికుండాదా అని అడిగేది నన్ను! అక్కకు భయం ఏమంటే, దాని తల్లి చివర్లో బుద్ధి తప్పి కన్నబిడ్డల్నే గుర్తుపట్టలేదు. 'నాకట్ల కాదు గదే? కాదు గదే?' అని నా చెయ్యి వదిలేది కాదు.

అక్క లేని ఇంట్లో ఆ పిల్ల ఏం చేసింది? 'పిన్నిగారూ, అత్తయ్యగారికి సర్‌ప్రైజ్ అండీ!' అని వడ్రంగిని పిలిపిచ్చె. పోయి చూస్తే వాడు సైకిల్ చైను తీసుకోని తలుపుల్ని కొడతాండాడు! కొట్టి, మైనం రుద్ది, రంగేసి, ఎండినాక గరుకు ఉప్పుకాయితంతో గీకడం, ఆపైన కాఫీ రంగు నీళ్ళు పూయడం. 'హొసదన్న హళేదు మాడోదా మేడం?', కొత్తదాన్ని పాతది చేసేదా అని వాడే నోరు తెరిచినాడు. 'ఏం పనమ్మా ఇది, కొత్తవాటిని ఎందుకు పాడు చేపిస్తాండావు?' అంటి నేను. 'అబ్బా పిన్నిగారూ, వింటేజ్ అండీ, ఇప్పుడంతా ఇదే!' అనింది. ఇత్తడి పిడులు గూడా నల్లగా చేసినవే పెట్టిచ్చింది.

జ్వరం తగ్గి అక్క ఇంటికొచ్చె. నేనే చెయ్యి పట్టుకోని వంటింటికి నడిపిస్తాండా. వంటింటి వాకిట్లోనే నిలిచిపాయ. చూసె. రంగు ఊడినాది, అంచులు అరిగినాయి, పిడులు నల్లగయినాయి. అక్క గోర్లు నా చేతిలోకి దిగినాయి. 'ఏమే, నేను ఎన్నేండ్లు పండుకోనుంటి?' అనింది. నాకు నవ్వొచ్చె, దాని మొకం చూసి నవ్వు చచ్చిపాయ. వరూధిని కడుపు చూస్తాది, 'ఇది ఎన్నో బిడ్డ?' అంటాది. దాని మొగుడు, మా బావ, కూర్చునే కుర్చీ చూస్తాది, అది ఖాళీ. 'ఆయప్ప యాడ? చెప్పరేం? పొయినాడా? నాకు చెప్పకుండా మోసుకుపొయినారా?' అని అట్లే నేలమీద కూలబడి గుండెలు బాదుకోని ఏడ్సె. మా బావ పెద్దమునియప్ప అంగడి నుంచి దంటు ఆకుకూర కట్ట చంకన పెట్టుకోని వచ్చి, 'ఎవురే సచ్చింది?' అన్నాడు. అక్క ఆయన కాలు తడిమి తడిమి చూసింది, నిజం కాలేనా అని.

ఊర్లో వాళ్ళు ఏండ్లకొద్దీ నవ్వినారు దీనికి. నేను నవ్వలేదు. ఎందుకంటే ఆమీద జరిగింది నేను చూస్తి. అక్క నిదానంగా లేచి తలుపు దగ్గరికి పోయి, మూలన గోరు పెట్టి గీరింది. ఆ కవరు అంచు కోసం వెతుకుతాండాది. 'కవరు?' అనె. 'పాడైపోయింది కదండీ అత్తయ్యగారూ, తీసి పారేశాం' అనింది వరూధిని, ఏడుపుగొంతుతో. 'అడుగున ఎట్లుండెనమ్మా?' అని అడిగింది. కోపం లేదు చిన్నీ, తిట్టింటే బాగుండు. ఆశగా అడిగింది. ఆ పిల్ల నా పక్క చూసె, నేలపక్క చూసె. 'చూళ్ళేదండీ. పీకిన వెంటనే రంగేసేశారు' అనె.

అక్క మళ్ళా ఆ మాట ఎత్తలేదు. మనవరాలికి పేరు పెట్టే దినం పాయసం గిన్నె తీసేటప్పుడు మాత్రం ఆ తలుపు మూలన ఇంకోసారి గోరు పెట్టి...

ఏమే, ఏం చూస్తాండావు? ఆ ఫ్రిజ్జా? మీ నాయన తెచ్చినప్పటి నుంచి ఉండాది దాని మీద కవరు, నీ పెండ్లికి తీద్దామని ఉంచితి. లెయ్. నా గోర్లకు పట్టు లేదు, ఆ కింద మూల నువ్వు ఎత్తు. ఊ, లాగు.